గీకేసిన పసుపు

ఆయన తండ్రి గోడలకు సున్నం వేసేవాడు. కొత్త పూతకు ముందు పాత పెచ్చులన్నీ రేకుతో గీకాలని కొడుక్కి నేర్పింది ఆ తండ్రే. కొడుకు చిత్రకారుడయ్యాడు గానీ ఆ రేకు మాత్రం వదల్లేదు. ఏటి గట్టున కూర్చుని కనబడిందల్లా గీసుకొచ్చేవాడు. తర్వాత ఆ బొమ్మలోంచి రోజుకొకటి గీకేసేవాడు. ఇంకొక్కటి తీస్తే ఏరే మిగలదనిపించినప్పుడు ఆగేవాడు. "తండ్రి సున్నం వేశాడు, కొడుకు సున్నా చుడుతున్నాడు" అని చుట్టాలు నవ్వేవాళ్లు.

భార్య మంచాన పడింది. మన ఏరు ఒక్కసారి చూడాలనుంది అంది. మోసుకెళ్లే ఒళ్లు కాదు ఆమెది, మోయగల ఒళ్లు కాదు ఆయనది. అందుకని ఏటినే నాలుగడుగుల గుడ్డ మీదికెక్కించి, మంచానికి ఎదురుగా నిలబెట్టాడు. గీకుడు మొదలైంది.

"చెట్లు కొట్టేశారు, పడవ ముంచేశారు, కొంగల్ని తోలేశారు. ఇప్పుడైనా ఊపిరాడుతోందా మీ ఏటికి?"

"ఇప్పుడిప్పుడే ఆడుతోందే."

"సరే గానీ, ఆ పసుపు మరక ముట్టుకోకండి. అది నా గొడుగు."

పెళ్లైన కొత్తలో, ఆయన గీస్తుంటే ఎండ పడకుండా ఆమె పట్టిన గొడుగు. కాగితానికి నీడ, ఆమెకు ఎండ.

"దాని జోలికెళ్తే నాకు రంగు పడిపోదూ!" అన్నాడాయన.

పదో రోజు ఆమె కునుకు తీస్తోంది. ఆ పసుపు కన్ను లాగేస్తోంది, నీటిమీద చూపు నిలవనివ్వడం లేదు. అలవాటు పడ్డ చెయ్యి. రెండే రెండు గీకులు. బొమ్మ అద్భుతంగా కుదిరింది.

ఆమె లేచి చాలాసేపు చూసింది. "బాగుందండీ" అని గోడవైపు తిరిగి పడుకుంది. మూడోనాడు పోయింది.

ఆనాటి నుంచి ఆయన పసుపు కలుపుతున్నాడు. తండ్రి పద్ధతే: ముందు తలుపు వెనక గోడమీద పూయడం, ఆరాక చూడడం. అటక మీది గొడుగు దించి పక్కన పెట్టాడు. అది వెలిసి బూడిదైపోయింది. ఆ బూడిద రంగు ఇట్టే కలిసింది. ఆనాటి పసుపే కలవడం లేదు.

అక్క బట్టలు సర్దడానికి మరదలు వచ్చింది. తలుపు జరిపి నిలబడిపోయింది.

"ఇదేంటి బావా, గోడంతా?"

"మీ అక్క గొడుగు."

"ఇన్నా! ఇందులో ఏది?"

ఆయన ఒక్కో మరకా వెతికాడు. "ఇంకా రాలేదమ్మా."

చోటు చాలక, పాత మరకలు తీసేద్దామని రేకు అందుకున్నాడు. చెయ్యి రాలేదు. రేకు కింద పెట్టి, కుంచె పట్టుకుని పక్క గోడ దగ్గరికి నడిచాడు.