పటం చివర గజం బట్ట

శనివారం బడి నుంచి రాగానే దీనమ్మ టీచరు మొదట చేసే పని అంత్యదినాల పటాన్ని ఇస్త్రీ చేయడం. రంగు పెచ్చులూడకుండా దాన్ని బోర్లా పరిచి, తడిగుడ్డ వేసి, వెనక నుంచి మెల్లగా రుద్దాలి. ఆరు గజాల తెల్లబట్ట అది. ఎడమ చివర ఆదాము, నడుమ దానియేలు కలలోని మృగాలు, కుడి చివర బూర ఊదే దూత, తెరుచుకుంటున్న సమాధులు, ఆ తర్వాత అంచుదాకా బంగారు రంగు. ఓ వేసవి సెలవులన్నీ నేల మీద వంగి కూర్చుని ఆమె వేసిన బొమ్మలవి. మీటింగుల్లో ఎవరైనా పటం బాగుందంటే ఆమె భర్త, పాస్టరు దేవసహాయంగారు, "ప్రభువే గీయించేడండి" అంటారు. నడుంనొప్పి మాత్రం దీనమ్మకే మిగిలింది.

సమాధుల్లోంచి లేస్తున్నవాళ్ళలో ఓ చిన్నపిల్ల ఉంది. ఆకుపచ్చ పరికిణీ, రెండు జడలు. తొంభై ఆరు తుపానులో కొబ్బరిచెట్టు వంటింటి మీద విరుచుకుపడిన రోజు శిరీష కట్టుకున్నది ఆ పరికిణీయే. తొమ్మిదేళ్ళది. పోయిన కూతుర్ని పటంలో పెట్టానని దీనమ్మ ఎవరికీ చెప్పలేదు. దేవసహాయంగారు ప్రతి ఆదివారం ప్రసంగంలో బెత్తంతో ఆ పిల్లని తాకి, పోయినవాళ్ళే ముందు లేస్తారని చెబుతారు. ఎవరిని తాకుతున్నారో ఆయనకి తెలియదు. సమాధి చేసిన రోజు ఆయన ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా ఒక మాటన్నారు. "నువ్వు దైవసేవకుడి భార్యవి దీనా. నువ్వే ఏడిస్తే విశ్వాసులేమైపోతారు?" అంతే. మూడేళ్ళయింది, ఆమె నలుగురి ముందు ఏడవలేదు.

ఆయన ప్రసంగిస్తూ అధ్యాయం, వచనం చెబితే పక్కన మైకు దగ్గర ఒకరు చదవాలి. పదేళ్ళు ఆ చదువు దీనమ్మదే. ఈ వేసవి నుంచి వీరవేణిది. అంతర్వేదిలో చేపలవాళ్ళ పిల్ల. అదే తుపానులో మొగుడు పడవతో సహా పోయాడు. కూతుర్ని తీసుకుని ఈ ఊరొచ్చి కొబ్బరిపీచు పనిలో చేరింది, నిరుడు బాప్తిస్మం తీసుకుంది. కూడబలుక్కుని చదువుతుంది. సముద్రం అన్న మాట రాగానే ఆగిపోయి ఏడుస్తుంది. అప్పుడు దేవసహాయంగారే వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిస్తారు. ఇంట్లో బిందె ఏ మూలనుందో తెలియని మనిషి.

"నీది బళ్ళో పాఠం చెప్పినట్టుంటుంది. ఆ సిస్టరు కన్నీళ్ళలో అభిషేకం ఉంది" అన్నారు, దీనమ్మ ఏమీ అడక్కుండానే.

మైకు పోయినందుకు కుళ్ళుకుంది. నీళ్ళ గ్లాసు చూసి ఇంకా కుళ్ళుకుంది. అసలు తన కడుపు మండుతున్నది ఆ ఏడుపును చూసి అని తెలుసుకోవడానికి నెలలు పట్టింది. మొగుడు పోయినదానికి వందమంది ముందు మైకు పెట్టి ఏడ్పిస్తున్నారు. పిల్ల పోయినదానికి చీరకొంగు కూడా నోట్లో కుక్కుకునే వీల్లేదు. పైగా దానికి పిల్ల మిగిలింది. సాయిదుర్గ, రెండు జడల పిల్ల, దీనమ్మ చెప్పే ఏడో తరగతిలోనే కూర్చుంటుంది, శిరీష ఉంటే కూర్చునే వరసలో.

పటం కింద లోకం ముగిసి సమాధులు తెరుచుకునే తేదీ ఉంది: 1999 డిసెంబరు. బైబిల్లో దానియేలు చెప్పిన వారాల్ని సంవత్సరాలు చేసి, క్రీస్తుపూర్వం నుంచి లెక్కకట్టి తేల్చినది. లెక్క కూడా దీనమ్మే చేసింది. సెప్టెంబరులో ఒక రోజు బోర్డు మీద సంఖ్యారేఖ గీస్తుంటే సాయిదుర్గ లేచింది.

"టీచరుగారండీ, క్రీస్తుపూర్వం అయిపోయేక సున్నా సంవత్సరం వచ్చిందాండీ?"

"రాలేదమ్మా. ఒకటి తర్వాత మళ్ళీ ఒకటే" అని, రేఖ మీద తను పెట్టిన సున్నా వైపు చూసింది. పటం తేదీ కట్టేటప్పుడు ఆ లేని సున్నాని తను ఒక ఏడాదిగా లెక్కపెట్టింది. అందుకే తేదీ ఏడాది ముందే వచ్చింది. ఆ సంగతి భర్తకి చెప్పలేదు. తేదీ అవతలికి జరిగితే శిరీష లేచే రోజు కూడా జరుగుతుంది. డిసెంబరు దాకా ఎలాగో ఓర్చుకుందామనుకున్న మనిషికి ఇంకో ఏడాదంటే మాటలు కాదు.

ఈ శనివారం ఇస్త్రీ సగంలో ఉండగా వీరవేణి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మగారండీ, పరీక్షకి మా పిల్ల పేరు రాయకండి. ఎల్లుండి నించి నాతో పీచు పనికొస్తాది."

"సోమవారం పబ్లిక్ పరీక్షకి పేర్లు పంపాలి వీరవేణీ. క్లాసులో ఫస్టు నీ కూతురే."

"ఆయ్, నిజమేనండి. పరీక్ష మార్చిలోనంట కదండీ. అప్పటికి మనమెవ్వరం ఉండం కదా. అయ్యగారు చెప్పేరు. ఈ రెండు నెల్లూ నా పక్కనే ఉంటే చాలండి."

పోనీలే, అనుకుంది దీనమ్మ. దీని పిల్లకీ మార్చి లేకపోనీ. ఆ మాట మనసులో పూర్తిగా పలికాక గానీ అది తన మాటేనని తెలియలేదు. కమురు వాసన వచ్చింది. బంగారు రంగు అంచు మీద ఇస్త్రీపెట్టె అంత మచ్చ.

సాయంత్రం భర్తకి లెక్క సంగతి చెప్పింది. ఆయన కాఫీ తాగుతూ నవ్వారు.

"అది బళ్ళో లెక్క. ఇది ఆత్మ లెక్క. రేపు మీటింగుకి తాటిపాక నుంచి కూడా మనుషులొస్తున్నారు, పటం జాగ్రత్తగా కట్టు."

కప్పు అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. దీనమ్మ దాన్ని కడిగి బోర్లించి ట్రంకుపెట్టె తెరిచింది. శిరీష శవపెట్టెలో పరచడానికి తెచ్చిన తెల్లబట్టలో గజం ముక్క మిగిలింది, మూడేళ్ళుగా అడుగునే ఉంది. కుట్టుమిషను ముందు కూర్చుని, కమిలిన అంచు కత్తిరించి, పటం చివర ఆ గజాన్ని కుట్టింది. దాని మీద ఏ బొమ్మా వేయలేదు.

ఆదివారం పందిట్లో ఆయన బెత్తం ఆదాము నుంచి మృగాల దాకా, మృగాల నుంచి బూర దాకా వచ్చింది. వీరవేణి చదివింది, ఏడ్చింది, నీళ్ళు తాగింది. బెత్తం ఆకుపచ్చ పరికిణీని తాకి, బంగారు రంగు దాటి, ఖాళీ బట్ట మీదకొచ్చి ఆగింది.

"ఇదేంటి దీనా?" మైకులోనే అడిగారు.

దీనమ్మ చాప మీంచి లేచింది. మైకు దగ్గరకి వెళ్తే వీరవేణి తప్పుకుని చోటిచ్చింది. ఆడవాళ్ళ వరసలో తల్లి సంచీ ఒళ్ళో పెట్టుకుని సాయిదుర్గ తలెత్తి చూస్తోంది. జడలకి రిబ్బన్లు కూడా సరిగ్గా కట్టలేదు.

"ఆ తేదీ లెక్క తప్పండి. చేసింది నేనే. ఆ తర్వాత ఎంత ఖాళీ ఉందో నాకూ తెలీదు. సాయిదుర్గకి మార్చిలో పరీక్ష ఉంది, పేరు రాసేశాను."

గొంతు బళ్ళో పాఠంలాగే మొదలై, మధ్యలో తెగింది. కళ్ళు తుడుచుకోలేదు. చెయ్యి చాచి పటంలోని రెండు జడల మీద వేసింది.

"ఇది మా శిరీషండి. ఎన్నాళ్ళైనా ఇది ఆగుతుంది."