మేకలు దాటని గేటు

అక్క కుర్చీ పక్కన మంచినీళ్లు పెట్టి, కిటికీ రెక్క సగం మూసి, అతను చెప్పులు వెతుక్కుంటున్నాడు. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీయడం అతని పని. వేళ్ల సందుల్లో తెల్లటి పొడి ఎంత కడిగినా పోదు. అతను వెళ్లని రోజున దుకాణంలో ఎవరూ ఎందుకు రాలేదని అడగరు.

అతనికి ఇంకో బతుకు కూడా ఉంది. ఎప్పుడో తయారీ ఆగిపోయిన ఒక వీడియోగేమ్ పెట్టెలోని ఆటలను మామూలు కంప్యూటర్ మీద ఆడించే ఎమ్యులేటర్‌ను, ఒకరి మొహం ఒకరు చూడని కొందరు కలిసి రాసి ఊరికే పంచుతున్నారు. దానికి 'స్టేబుల్', అంటే నమ్మి వాడుకోవచ్చు అని ముద్ర వేసి జనంలోకి వదిలేది ఇతనే. రోజూ చేసే మార్పులు రోజువారీ కూర్పులుగా వస్తూనే ఉంటాయి, తెగువ ఉన్నవాళ్లు వాడుకుంటారు. ముద్ర పడినది మాత్రం ఏళ్ల నాటిది. "మూడు నెలలకోసారి వదలండి స్వామీ, ఆలస్యం అమృతం విషం" అని కలిసి రాసేవాళ్లు పోరుతారు. నిదానమే ప్రధానం అంటాడితను. ఒకసారి తొందరపడి వదిలితే జనం ఆడినంతవరకూ దాచుకున్న ఆటలన్నీ చెరిగిపోయాయి. అందులో అక్కది కూడా ఉంది. ఆవిడ తిట్టలేదు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. అప్పటినుంచి అతను ఏది అడిగినా రేపంటాడు. వాళ్లు 'రేపుగారు' అని పేరు పెట్టారు.

"ఒరేయ్, ఆ మేకలు గేటు దాటట్లేదురా," అంది అక్క. గుండె పాడై గడప దాటలేని మనిషికి ఆటలోని ఆ మేకలే లోకం. "గేటు తెరవగానే బొమ్మ బిగుసుకుపోతోంది. నాకే చేతకావట్లేదేమో."

"ఎప్పట్నించి?"

"చాలా రోజులైంది. నీ పనిలో నువ్వుంటావని చెప్పలేదు."

చెప్పు అతని చేతిలోనే ఉండిపోయింది. ఆ తప్పును పోయినేడే అతను స్వయంగా దిద్దాడు. రోజువారీ కూర్పులో ఉంది.

"కొత్తవి వస్తున్నాయిగా, పెట్టుకోలేదా?"

"నువ్వేగా, స్టేబుల్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దన్నావు!"

అతని మాట అక్షరాలా పాటించింది ఈ ఒక్క మనిషే. రోజువారీది పెట్టడం ఎంతసేపు పని? చేయి రాలేదు. ఇంతదూరం వచ్చిన ఆట మళ్లీ చెరిగిపోతే?

"సాయంత్రం స్టేబుల్ తెస్తానక్కా. ఈసారి నిజం."

"నీ రేపు నాకు తెలీదా," అని నవ్వింది అక్క.

భోజనాల వేళ దుకాణం వెనక గదిలో, చేతుల పొడి ప్యాంటుకు తుడుచుకుని, ఫోన్లోనే ముద్ర వేశాడు. "రేపు వచ్చేసిందహో!" అని ఎవరో రాశారు. ఇంతేనా పని అనిపించింది. సిగ్గేసింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉంది. తెర మీద మేకలు గేటు దగ్గర బిగుసుకుని ఉన్నాయి. పక్కింటావిడ వచ్చి అక్క చేయి పట్టుకు చూసి, "ప్రాణం పోయి చాలాసేపైంది నాయనా," అంది.

మర్నాడు అందరూ వెళ్లిపోయాక అతను కొత్త కూర్పు పెట్టాడు. అక్క దాచుకున్న ఆట చెక్కుచెదరకుండా తెరుచుకుంది. రోజువారీ దాంట్లోనూ ఇలాగే తెరుచుకునేది. నిన్న పొద్దున్నే పెట్టి ఉండాల్సింది. అక్క చేతపట్టి ఆడే కంట్రోలర్ జోలికి పోకుండా కీబోర్డు మీదే మీట నొక్కాడు. మేకలు ఒకదాని వెనక ఒకటి గేటు దాటాయి. అతను చూస్తూ ఏడ్చాడు.

కుర్చీలో కంట్రోలర్ ఆవిడ వదిలిన చోటే ఉంది, బొటనవేలు ఆనే మీట మీది అక్షరం ఎప్పుడో అరిగిపోయి, నున్నగా.