దూది చెప్పులు

మా ఆయన మొహం మీద మొట్టమొదట చెప్పు విసిరింది నేనే. చాటుగా కాదు, టీవీలో, అంతమంది చూస్తుండగా. పోనీ ఒకసారి విసిరి ఊరుకున్నానా అంటే అదీ లేదు. వారం వారం విసిరాను.

తొంభైల్లో శనివారం సాయంత్రమైతే చాలు, జనం ఎక్కడి పనులక్కడ వదిలేసి కుస్తీ షో ముందు కూర్చునేవాళ్లు. అందులో మొసలి అంటే మా ఆయన. నల్ల లాగు, నున్నటి గుండు, కళ్ల చుట్టూ నల్లరంగు. డేగ అంటే మా సొంత అన్నయ్య. పసుపుపచ్చ లాగు, భుజాల దాకా జుట్టు. రింగ్ తాళ్ల మీదికెక్కి చేతులు రెక్కల్లా చాచి ఎగిరేవాడు. అన్నయ్యని అందరూ నెత్తిన పెట్టుకునేవాళ్లు. మా ఆయన బజారుకెళితే కూరగాయలమ్మే ఆవిడ కూడా పుచ్చువి ఏరి మరీ సంచిలో పడేసేది. నిజానికి ఇద్దరూ ఒకే కంచంలో తిన్న స్నేహితులు. ఆ స్నేహం వల్లే నాకు ఈ మొగుడు దొరికాడు.

పెళ్లయిన కొత్తలో మొదటిసారి షో చూడ్డానికి వెళ్లాను. అంతా ముందే అనుకుని ఆడే ఆట అని తెలుసు. అయినా మా ఆయన అన్నయ్యని కిందేసి మెడ మీద మోకాలు పెట్టేసరికి ఒళ్లు మండిపోయింది. లేచి, చెప్పు తీసి, నోటికొచ్చినట్టు తిడుతూ విసిరాను. హాలంతా ఈలలు. మర్నాడే మేనేజరు కబురు పెట్టాడు. “అమ్మా, ముందు వరసలో కుర్చీ నీదే. ప్రతి వారం ఇలాగే రెచ్చిపోవాలి” అన్నాడు. ఎంతైనా నా మొగుడి మొహం కదా, పాడవకూడదు. నేను టైలర్ని. పాత గుడ్డలు చెప్పుల ఆకారంలో కత్తిరించి, లోపల దూది కూరి, పైన రంగు వేశాను. దూరం నుంచి చూస్తే అచ్చం చెప్పులే. ఎంత గట్టిగా విసిరినా దిండు తగిలినట్టు ఉండేది. మా ఆయన మాత్రం “అబ్బా” అని చెంప పట్టుకుని, పళ్లు కొరుకుతూ నా మీదికి వచ్చేవాడు. ఇంటికొచ్చాక, “ఈ వారం గురి కాస్త తప్పిందే” అనేవాడు.

ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. ఎత్తి పడేసే ముందు ఇద్దరూ ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుంటారు. పడేసేవాడు ఒకసారి నొక్కుతాడు, సిద్ధమేనా అని. పడేవాడు తిరిగి నొక్కితేనే ఎత్తాలి. నొక్కకపోతే ఊరికే ఒక తోపు తోసి ఇంకో పట్టు పట్టాలి. ఈ సంగతి జనానికి తెలియదు. రింగ్‌లో ఉన్నవాళ్లకీ, వాళ్ల పెళ్లాలకీ తెలుసు. నాకు తెలుసు, మా వదినకీ తెలుసు.

ఆ రోజు మా ఆయన అన్నయ్యని భుజాల మీదికెత్తి, గిర్రున తిప్పి పడేశాడు. ఎప్పుడూ పడేసినట్టే పడేశాడు. అన్నయ్యే ఎప్పుడూ పడ్డట్టు పడలేదు. కాలు కింద మడతపడి మోకాలి దగ్గర విరిగింది. అప్పటికే నేను లేచి తిట్లు లంకించుకున్నాను. అన్నయ్య అరిచిన అరుపు విన్నాక నా నోరు పడిపోయింది. ఆ వారంతోనే షో ఆగిపోయింది.

ఆసుపత్రి వరండాలో వదిన మా ఆయన్ని నిలదీసింది. “ఆయన నొక్కకుండానే ఎత్తేశారు కదూ? చప్పట్లు వినపడేసరికి ఒళ్లు తెలియలేదు కదూ?” అంది. మా ఆయన తలుపులోంచి మంచం వైపు చూశాడు. అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతవరకూ మా ఆయన్ని నోరారా “అన్నయ్యా” అని పిలిచిన వదిన, ఆ రోజు నుంచి “వాళ్లాయన” అనడం మొదలుపెట్టింది. మళ్లీ మా గడప తొక్కలేదు. అన్నయ్య చేతికర్రతో బస్సు డిపోలో టికెట్ల కిటికీ వెనక్కి చేరాడు. ఎక్కడైనా ఎదురుపడితే “బాగున్నావా బావా” అంటాడు. ఈయన “బాగున్నా బావా” అంటాడు. ఆ తర్వాత ఇద్దరూ నేల చూపులు.

మా ఆయన నా షాపులోకి వచ్చేశాడు. కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం, ఇస్త్రీ చెయ్యడం ఆయన పని. తలుపు పట్టనంత మనిషి సన్న సూదిలో దారం ఎక్కిస్తుంటే కొత్తగా వచ్చినవాళ్లు నవ్వు ఆపుకోలేరు. ఆయన కాజాలకి మాత్రం వంక పెట్టినవాళ్లు లేరు.

ఈ మధ్య ఒక టీవీ అమ్మాయి ఫోన్ చేసింది. అప్పటి షోల మీద ప్రోగ్రాం చేస్తున్నారట. మొసలినీ డేగనీ పక్కపక్కన కూర్చోబెడతారట. “ఆంటీ, మీరు కూడా రావాలి. ముందు వరసలో కూర్చుని అంకుల్ని అప్పట్లాగే తిట్టాలి” అంది. నేను నోరు తెరిచేలోపే ఈయన ఫోన్ లాక్కుని ఒప్పేసుకున్నాడు. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

కాలు కాలిన పిల్లిలా షాపులో ఆ చివరికీ ఈ చివరికీ తిరగడమే. కూర్చోమంటే కూర్చోడు. కూర్చుంటే నిలబడతాడు. ఒకాయన చొక్కాకి గుండీలన్నీ ఆడవాళ్ల జాకెట్టుకిలా ఎడమవైపు కుట్టేశాడు. ఇంకొకాయన తెల్లచొక్కా మీద ఇస్త్రీపెట్టె పెట్టి, పొగ వచ్చేదాకా వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. టీవీ అమ్మాయి ఆనాటి ఆట వీడియో ముక్క ఫోన్‌కి పంపింది. ఇక అదే పని. ముందుకి జరపడం, వెనక్కి జరపడం. సరిగ్గా మణికట్టు కనపడాల్సిన చోట రిఫరీ వీపు అడ్డం. తలుపంత వీపు. ఆ వీపు వెనక్కి తొంగిచూద్దామని ఫోన్ని అటూ ఇటూ వంచుతాడు మా ఆయన.

“అలా వంచితే కనపడుతుందా అండీ?” అని కసిరాను.

ఫోన్ పక్కన పెట్టాడు. తన మణికట్టు తనే పట్టుకుని నొక్కుకున్నాడు.

“మీ అన్నయ్య ఆ రోజు నొక్కాడంటావా?”

“మీకు తెలియదా?”

“నొక్కినట్టే ఉండేది. ఇన్నాళ్లూ తలుచుకుని తలుచుకుని అరగదీసేశాను. ఇప్పుడు వాడు నిజంగా నొక్కాడో, నొక్కాడని నేనే అనుకుంటున్నానో తేలట్లేదు.”

“ఫోన్ చేసి అడిగేస్తే పోలా?”

“నొక్కలేదంటే?”

నొక్కలేదని అన్నయ్య ఒక్కమాటంటే ఈయన మళ్లీ లేవడు. అడక్కపోతేనేమో ఇలా తిరుగుతూనే ఉంటాడు. నాకు కుట్టు మీద దృష్టి నిలవలేదు. సూది రెండుసార్లు విరిగింది. ఆయన అలజడి నాకూ అంటుకుంది. దానికి తోడు ఆయన ఒక మూల కూర్చుని నా కోసం కొత్త దూది చెప్పు కుట్టడం మొదలుపెట్టాడు. తన్ను కొట్టడానికి తనే కుట్టుకుంటున్నాడు. అది చూస్తే నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

రికార్డింగ్ రోజు మేకప్ గదిలో అన్నయ్య కనిపించాడు. డేగకి జుట్టంతా పోయింది. మొసలికి నెత్తి నిండా మొలిచింది. వదిన అప్పటికే వెళ్లి హాల్లో కూర్చుందట. పౌడరు అద్దే అమ్మాయి బయటికి వెళ్లగానే గదిలో ముగ్గురం మిగిలాం. “బాగున్నావా బావా” అయింది. “బాగున్నా బావా” అయింది. మా ఆయన తువ్వాలు మడతపెడతాడు, విప్పుతాడు, మళ్లీ మడతపెడతాడు. ఇక నా వల్ల కాలేదు.

“అన్నయ్యా, ఆ రోజు నువ్వు నొక్కావా, లేదా?”

అన్నయ్య అద్దంలోంచి నన్ను చూశాడు.

“నొక్కాను” అన్నాడు.

మా ఆయన చేతిలో తువ్వాలు కింద పడింది.

“ముందురోజే మోకాలు వాచింది అమ్మాయ్. ఈ వారం ఎత్తుళ్లూ ఎగురుళ్లూ వద్దని మీ వదిన నా చేత ఒట్టు వేయించుకుంది. సరేనని వచ్చాను. జనం డేగ, డేగ అని అరుస్తుంటే ఆగలేకపోయాను. బావ నొక్కాడు. నేనూ నొక్కాను.”

“మరి ఆసుపత్రిలో గోడవైపు తిరిగావెందుకు?”

“భయమేసింది. ఒట్టు తప్పానని తెలిస్తే ఊరుకుంటుందా? మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి ఇంకా కష్టమైంది. తర్వాత…”

“తర్వాత అలవాటైపోయింది” అన్నాను నేను.

మా ఆయన లేచి అన్నయ్య కాలర్ పట్టుకుంటాడనుకున్నాను. నా మొగుడికి అంత బుద్ధి కూడానా! పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. నవ్వుతుంటే కళ్లమ్మట నీళ్లు కారి పౌడరంతా చారలు పడింది. “నొక్కాడే! వింటున్నావా? నొక్కాడు” అని నా భుజం పట్టుకుని ఊపేశాడు. తర్వాత అన్నయ్య పక్కన కూర్చున్నాడు. “నాకు తెలిసింది, అంతే చాలు బావా. చెల్లెమ్మకి చెప్పకు. ఈ వయసులో మీ ఇంట్లో రభస దేనికి? నేనెలాగూ మొసలినేగా” అన్నాడు.

అన్నయ్య హమ్మయ్య అన్నట్టు తలూపాడు. ఆ తలూపడం చూశాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

హాల్లో నా కుర్చీ వదిన పక్కనే వేశారు. వదిన నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది. లైట్లు వెలిగాయి. పాత ముక్క పెద్ద తెర మీద వేశారు. రిఫరీ వీపు, ఎత్తడం, తిప్పడం, అన్నయ్య అరుపు. జనం అయ్యో అన్నారు. యాంకర్ అన్నయ్య వైపు తిరిగి, “ఇన్నేళ్ల తర్వాత మొసలితో ఏమంటారు సార్?” అని అడిగాడు.

అన్నయ్య కర్ర పైకెత్తి పాత గొంతు తీశాడు. “వీడు దొంగదెబ్బ తీశాడు! నేను సిద్ధంగా లేను!”

జనం మా ఆయన్ని చూసి కేకలేశారు. ఆయన సంబరంగా పళ్లు కొరికాడు. పక్కన వదిన కొంగుతో కళ్లొత్తుకుంది.

“చూశావా, ఇప్పటికైనా నలుగురిలో తప్పు ఒప్పుకునే గుండె లేదు మీ ఆయనకి” అంది.

అటు నుంచి టీవీ అమ్మాయి సైగ చేసింది, కానివ్వమని. ఒళ్లోని దూది చెప్పు పట్టుకుని లేచాను. చెయ్యి అలవాటు కొద్దీ మొసలి వైపే లేచింది. పక్కకి తిప్పి అన్నయ్య మీద విసిరాను.

“సిద్ధంగా లేవా? మరి మణికట్టు నొక్కిందెవరు? వాచిన మోకాలితో ఎగిరిందెవరు? ఇంట్లో ఒట్టేసి వచ్చి ఆ ఒట్టు గట్టున పెట్టిందెవరు? నీ పెళ్లానికి భయపడి నా మొగుణ్ని ఇన్నేళ్లు దొంగని చేస్తావా?”

హాలంతా విరగబడి నవ్వింది. ఇది కూడా ఆటే అనుకున్నారు. యాంకర్ మొహం వెలిగిపోయింది. మా ఆయన ఒక్కడే “వద్దే, వద్దే” అని చేతులాడించాడు.

వదిన కొంగు వదిలేసి లేచి నిలబడింది.

“ఏమండీ, నొక్కారా?”

అన్నయ్య ఏమీ అనకుండా ఉందామనే చూశాడు. వదిన కదల్లేదు.

“నొక్కానే” అన్నాడు. చిన్నగానే అన్నాడు కానీ కాలర్‌కి మైకుంది. హాలంతా వినపడింది.

వదిన వంగింది. కాలి చెప్పు తీసింది. తోలుది, మడమ దగ్గర ఎత్తుది. ఆవిడ గురి నా గురి కన్నా బాగుంది. సూటిగా అన్నయ్య మొహం మీదికే వెళుతున్న చెప్పుకి మా ఆయన లేచి అడ్డం వచ్చాడు. టప్‌మని చెంపకి తగిలింది. “అబ్బా” అని చెంప పట్టుకుని, వదిన వైపు పళ్లు కొరికి చూశాడు. జనం కుర్చీలు వదిలి లేచి ఈలలేశారు.

ఆయన వేళ్ల మధ్య నుంచి రక్తం కనపడేదాకా వదిన అలాగే నిలబడింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఒక కాలికే చెప్పుతో స్టేజీ దగ్గరికి పరుగెత్తింది.

“అయ్యో అన్నయ్యా, తగిలిందా?”

మా ఆయన ఆవిడ వైపు చూసి, “లేదమ్మా, దూదే” అన్నాడు.