చిరిగిన సీటు ఖరీదు

1974 వేసవి. మంగళగిరిలో కొండ కింద గుడి చూసుకుని, కైకలూరు చేపల వ్యాపారి కొండలమ్మ, ఆమె అత్త పోలేరమ్మ అద్దె కారులో బెజవాడ స్టేషను ముందు దిగారు. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కలేని అత్త కోసం ఆ అంబాసిడరు మాట్లాడింది కొండలమ్మ. కైకలూరు వెళ్లే రైలుకు ఇంకా పావుగంటే ఉంది.

అక్కడి టాక్సీ స్టాండులో కాచుకుని ఉన్న కారు యజమాని రామకోటేశ్వరరావు వెనక తలుపు తీసి సీటు తడిమాడు.

“సీటు చింపేశారు. పైగా చేపల కంపు. పాతిక రూపాయలు కట్టి సామాను తీసుకోండి.”

“మేం ఎక్కేటప్పటికే చిరిగి ఉందండీ. గుడికెళ్లే వాళ్లం, చేపలెందుకు తెస్తాం?” అంది కొండలమ్మ.

“తేవడమెందుకు? మీ ఒంటికి పట్టింది చాలదా?”

చుట్టూ ఉన్న టాక్సీవాళ్లు నవ్వారు. డ్రైవరు అబ్రహాము తల వంచుకున్నాడు. సంచులు డిక్కీలో ఉన్నాయి, రైలు కదలబోతోంది. కొండలమ్మ డబ్బు ఇచ్చేసింది.

రైల్లో దారి పొడవునా పోలేరమ్మ తన చేతులు తనే వాసన చూసుకుంటూ కూర్చుంది. అది చూసి కొండలమ్మ కడుపు మండిపోయింది. పాతిక పోతే పోయింది గానీ, ఆ నవ్వును మాత్రం వదిలేది లేదనుకుంది.

చేపల వ్యాపారం మీద వారానికి మూడుసార్లు బెజవాడ వచ్చే మనిషి ఆమె. సరుకు అమ్మేశాక, ఖాళీ గంపతో ఆ కారు ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరు బేరానికొచ్చినా లేచి వెళ్లి, “వెనక సీటు చూసుకుని ఎక్కండి బాబూ. ఆ చిరుగుకి నేను పాతిక కట్టాను” అని చెప్పేది.

రామకోటేశ్వరరావు కసిరాడు. పోలీసులను పిలుస్తానన్నాడు.

“పిలవండి. వాళ్లకూ ఇదే చెబుతాను.”

నెల తిరిగేసరికి ఆ కారు ఎక్కేవాళ్లే లేరు. అతని ముఖం వాడిపోతున్న కొద్దీ కొండలమ్మకు కడుపు నిండా అన్నం తిన్నట్టుండేది. చివరికి ఒకరోజు అతను ఆమెను పక్కకు పిలిచాడు.

“నీ పాతిక తీసుకోమ్మా. ఇక ఇటు రాకు.”

“పక్కకెందుకండీ? ఆ మాట నలుగురిలో అన్నారు, ఇదీ నలుగురిలోనే చెప్పండి.”

అబ్రహాము ముందుకొచ్చి, అందరికీ వినబడేలా అన్నాడు. “ఈ చిరుగుకి నీకంటే ముందు ఆరుగురు కట్టారమ్మా. అందరూ రైలుకు తొందరపడే పొరుగూరివాళ్లే. పని పోతుందని నేను నోరెత్తలేదు.”

ఆనాడు నవ్విన టాక్సీవాళ్లే ఇప్పుడు రామకోటేశ్వరరావును నిలదీశారు. క్షమాపణ చెబితే తప్ప స్టాండులో కారు పెట్టనివ్వమన్నారు.

“నాకు కాదు, మా అత్తకు చెప్పాలి” అంది కొండలమ్మ.

మర్నాడు పోలేరమ్మను తీసుకొచ్చి స్టేషను ముందు నిలబెట్టింది. రామకోటేశ్వరరావు పాతిక రూపాయలు ఆమె చేతిలో పెట్టి, అందరూ చూస్తుండగా దణ్ణం పెట్టి, “తప్పయిపోయిందమ్మా” అన్నాడు.

పోలేరమ్మ ఫర్వాలేదనలేదు. “విన్నాను” అని మాత్రం అంది. నిజం చెప్పినందుకు పని పోగొట్టుకున్న అబ్రహామును ఆ సాయంత్రమే మరో కారు యజమాని పెట్టుకున్నాడు.

అద్దెకు తీసుకునేదేదైనా ముందుగా చూసుకోవడం మన జాగ్రత్త. మోసం జరిగాక, పరాయి ఊరు కదా, రైలుకు వేళయింది కదా అని ఊరుకుంటే, మన వెనక వచ్చేవాళ్లను ఆ మోసగాడి చేతికి మనమే అప్పగించినట్టు.