తప్పినవాళ్ళ పాఠం

మా బావకి కోపం రాదు. వస్తే ఎంత బాగుండునో అని నేను చాలాసార్లు అనుకున్నాను. కోపం వచ్చే మనిషితో అయితే నాలుగు మాటలని, నాలుగు పడి, చేతులు దులుపుకోవచ్చు. ఈయన మాత్రం ఏమన్నా సరే "నువ్వన్నదీ నిజమే మరదలా" అని నవ్వి, చివరికి తనకి తోచిందే చేస్తాడు. మా అక్కని చేసుకున్నప్పటి నుంచీ ఇదే వరస. పైగా ఆయన మా కాలేజీకి ప్రిన్సిపాలు, నేను అక్కడే చరిత్ర లెక్చరర్ని. ఇంట్లో తప్పించుకుంటే కాలేజీలో దొరుకుతాడు, కాలేజీలో తప్పించుకుంటే అక్క చేసిన టీ తాగుతూ మా హాల్లో దొరుకుతాడు.

ఆరోజు పొద్దున్నే స్టాఫ్ రూంలో నా బల్ల ముందు నిలబడి, "మన కాలేజీ చరిత్ర రాసిపెట్టు. కమిటీ వస్తోంది. కాస్త ఘనంగా ఉండాలి" అన్నాడు.

కమిటీ సంగతి అప్పటికే అందరికీ తెలుసు. చిన్న చిన్న ప్రైవేటు కాలేజీలని పెద్దవాటిలో కలిపేద్దామని యూనివర్సిటీ వాళ్ళకి ఆలోచన వచ్చింది. మమ్మల్ని గడియారం కాలేజీలో కలపాలా, మా మానాన మమ్మల్ని వదిలేయాలా అన్నది ఆ వచ్చే ముగ్గురూ తేల్చాలి. కలిపితే మా గేటుకి తాళం పడుతుంది. బావ చదివిందీ ఇక్కడే, చేరిన మొదటి ఉద్యోగమూ ఇక్కడే, జుట్టు తెల్లబడిందీ ఇక్కడే. తాళం పడితే ఆయన ఏమైపోతాడోనని మా అక్క దిగులు. పైకి ఎగతాళి చేస్తాను గానీ నా దిగులూ అదే.

మా ప్రాంతంలో చాలాకాలం వరకూ చదువంటే మూడు ప్రైవేటు కాలేజీలే. గడియారం కాలేజీ ఒక లాయరుగారు పెట్టింది. అక్కడ నిమిషం ఆలస్యమైతే గేటు మూసేస్తారు, అందుకే ఆ పేరు. ఈ చుట్టుపక్కల జడ్జీలు, ఇంజనీర్లు అందరూ అక్కడివాళ్ళే. వాళ్ళని ఎక్కడున్నా పోల్చుకోవచ్చు, మాట్లాడుతూ మాట్లాడుతూ మణికట్టు చూసుకుంటారు, దానికి వాచీ లేకపోయినా సరే. ఆడపిల్లల కాలేజీని ఒక డాక్టరమ్మ తన ఆసుపత్రి మేడమీద మొదలుపెట్టింది. వైద్యానికొచ్చిన తల్లుల్ని కూర్చోబెట్టి "మందు తర్వాత రాస్తాను, ముందు నీ కూతుర్ని చేర్పించు" అనేదట. ఇప్పుడు ఏ బడికి వెళ్ళినా హెడ్‌మిస్ట్రెస్ అక్కడ చదివినావిడే. వాళ్ళతో వాదించి నెగ్గినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. మా అత్తగారు కూడా అక్కడే చదివింది, ఇంక ఎక్కువ చెప్పను.

మూడోది మాది. ఒక కలప వ్యాపారి తన కోత మిల్లు పక్కన రేకుల షెడ్డులో పెట్టాడు. దీన్ని అందరూ తప్పినవాళ్ళ కాలేజీ అంటారు. దానికో కారణముంది. మొదట్లో లెక్చరర్లు చాలక ఒక్కాయనే రెండు క్లాసుల మధ్య పరుగులు పెట్టేవాడట. అది చూడలేక కలప వ్యాపారి, పరీక్షలో బోల్తాపడ్డ ఒక కుర్రాణ్ణి పిలిచి "నీకు ఎక్కడ అర్థం కాలేదో కొత్తవాళ్ళకి చెబుతూ ఉండు, ఈలోగా మాస్టారు వస్తారు" అన్నాడట. అతను వణుకుతూ నిలబడి "ఇదిగో, ఈ ముక్క నాకు బుర్రకెక్కలేదు" అన్నాడు. "మాకూ ఎక్కలేదు" అంది క్లాసంతా. మాస్టారు వచ్చేసరికి గదిలో గోలగోలగా ప్రశ్నలు. అప్పటి నుంచీ మాకదే పద్ధతి. ఎవరు ఏ పాఠంలో తప్పితే వాళ్ళే ఆ పాఠాన్ని జూనియర్లకి మొదలుపెట్టాలి. తామెక్కడ తికమకపడ్డారో బోర్డు మీద వేసి చూపించాలి. ఆ తర్వాతే లెక్చరర్ లేస్తారు. ఒకసారి బోర్డు ముందు నిలబడ్డవాళ్ళకి ఆ రుచి వదలదనుకుంటాను, సగంమంది ఏదో ఒకటి నేర్పేవాళ్ళే అయ్యారు. చిన్న బళ్ళలో, ట్యూషన్లలో, డ్రైవింగ్ నేర్పేచోట, కుట్టుపని నేర్పేచోట, ఎక్కడ చూసినా మావాళ్ళే. జడ్జీలు మాత్రం బొత్తిగా లేరు.

"ఒక పెద్ద ఆఫీసరు దొరికాడు బావా," అన్నాను రెండ్రోజుల తర్వాత. "మన దగ్గర కొన్నాళ్ళు చదివి గడియారం కాలేజీకి పారిపోయాడు. రాయమంటారా?"

"పారిపోయాడనకు. ఆయన చదువుకి ఇక్కడ పునాది పడిందని రాయి."

"ఆ కాస్త రోజుల్లోనే పునాది వేసేస్తే మనది కాలేజీ కాదు, మేస్త్రీ పని."

"నువ్వన్నదీ నిజమే మరదలా. పునాది అనే రాయి." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇంకోటి. ఆ తప్పినవాళ్ళు చెప్పే పాఠాల సంగతి మాత్రం రాయకు."

"అది తీసేస్తే ఇంక మిగిలేది రేకుల షెడ్డు."

"ఫెయిలైన పిల్లల్ని బోర్డు దగ్గర నిలబెడతామంటే వాళ్ళు నవ్విపోరూ? ఆ ఒక్కరోజూ మనమూ అందరిలా ఉందాం."

అందరిలా ఉండటం కోసం ఆయన పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. గోడలకి సున్నం వేయించాడు. ప్యూనుకి టై కట్టబోతే అతను ఒప్పుకోలేదు. కమిటీ చూడబోయే క్లాసుకి ఫిజిక్స్ లెక్చరర్ని ఎంచాడు. ఆవిడ గడియారం కాలేజీలో బంగారు పతకం తెచ్చుకుంది, మేమంతా ఆవిణ్ణి పతకం అంటాం. ఆవిడ చెప్పే పాఠంలో వేలెత్తి చూపడానికేమీ ఉండదు. ఆవారం నిజానికి ఆ పాఠం మొదలుపెట్టాల్సింది అందులో తప్పిన, రెండో ఏడాది చదివే ఒక పిల్ల. ఎవరితోనూ పలకదని అందరూ ఆ పిల్లని మూగనోము అంటారు. పాపం ఎన్నాళ్ళ నుంచో తయారవుతోంది. బావ పిలిచి "నువ్వు ఆ పూట లైబ్రరీలో కూర్చోమ్మా" అన్నాడు. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆపూటంతా ఆయనతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించనే లేదు.

కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు సాహిత్యం ప్రొఫెసరు, పెద్దావిడ. ఆవిడకి ఒకపక్క ఫైలు పట్టుకున్నాయన, ఇంకోపక్క కునికిపాట్లు పడే ఆయన. వెనక బెంచీలో ముగ్గురూ కూర్చున్నారు. బావా నేనూ గోడకి చేరబడి నిలబడ్డాం.

పతకం మొదలుపెట్టింది. గుండ్రంగా తిరిగే వస్తువు మీద బలం ఎటువైపు ఉంటుందన్నది పాఠం. తీగలాగినట్టు సాగిపోతోంది. తీరా చూస్తే పిల్లల్లో ఒక్కరూ పెన్ను తీయలేదు. చేతులు కట్టుకుని, ఎవరో రావాల్సి ఉన్నట్టు వాకిలివైపు చూస్తున్నారు.

"ఏమర్రా, రాసుకోరేం?" అంది పతకం.

ముందు బెంచీలో కుర్రాడు వినయంగా లేచాడు. "ఎవరు తప్పారో వాళ్ళింకా రాలేదు కదా మేడమ్. వాళ్ళొచ్చాక రాసుకుందామని."

"ఎవరు తప్పడమేమిటి?" అన్నారు అధ్యక్షురాలు.

పిల్లలకి నటించమని చెప్పాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. సున్నం వేయించడం మాత్రం తట్టింది.

"ఆ పిల్లని పిలిపించండి బావా," అన్నాను చెవిలో.

"దాక్కోమన్నది నేనే కదా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవను?" అని, బావ నడిచివెళ్ళి పతకం చేతిలో సుద్దముక్క తీసుకున్నాడు. "ఈ పాఠంలో నేను తప్పాను."

ఆ సంగతి నాకే తెలీదు. మా ఇంట్లో ఆయనెప్పుడూ ఫస్టుక్లాసే. అక్క ఆ మాట ఎదురింటికీ పక్కింటికీ చెప్పి చెప్పి అరగదీసింది.

"ఈ గదిలోనే కూర్చుని చదివాను," అన్నాడు బావ. "బస్సు మలుపు తిరిగినప్పుడు మనల్ని బయటికి తోసే బలం ఒకటుందని పరీక్షలో రాశాను. తప్పానని ఇక్కడే నిలబెట్టారు. అప్పుడు కాళ్ళు వణికాయి. ఇప్పుడూ వణుకుతున్నాయి." బోర్డు మీద బస్సు బొమ్మ వేశాడు. అది అచ్చం చెప్పుల పెట్టెలా ఉంది. "ఇక్కడ నేను కూర్చున్నాను. బస్సు ఇటు తిరిగింది, నేను అటు పడ్డాను. ఎవరూ తోయకుండా ఎలా పడతాను? ఇదీ నాకు ఎక్కని ముక్క."

"నాకూ అదే డౌటు సార్." "నాకూ." "మొన్న మా బాబాయి బండి మీంచి పడిపోబోయాను సార్, అదేంటి మరి?" పెన్నులు బయటికొచ్చాయి.

"నాకూ చెప్పండి," అన్నారు అధ్యక్షురాలు. "ఇందాక దారిలో మలుపు దగ్గర నేను ఈయన మీద పడ్డాను. ఎవరు తోశారు?"

కునికిపాట్ల ఆయన ఉలిక్కిపడి లేచాడు. "నేనేం చేయలేదండీ," అన్నాడు.

క్లాసు ఘొల్లుమంది. పతకం కూడా నవ్వింది, ఆవిడ పళ్ళు నేను చూడటం అదే మొదలు. "ఎవరూ తోయలేదు మేడమ్. మీరు తిన్నగానే వెళ్తున్నారు, కారు పక్కకి తిరిగింది. మీరూ తిరగాలంటే ఏదో ఒకటి మిమ్మల్ని లోపలివైపు నెట్టాలి. ఆ పని ఆయన భుజం చేసింది." అక్కణ్ణుంచి అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఆవిడ చెబుతూనే ఉంది.

చివరికి అధ్యక్షురాలు లేచి నిలబడ్డారు. "ముచ్చటగా ఉంది. అయినా నేను అడగాల్సింది అడగాలి. గడియారం కాలేజీలో కలిస్తే మీకు పెద్ద లాబొరేటరీ, పెద్ద లైబ్రరీ, డిగ్రీ మీద పెద్ద పేరు. మీరేమంటే మేమదే రాస్తాం. వెళ్తామనేవాళ్ళు చేతులెత్తండి."

ముందు ఒకటి లేచింది. తర్వాత ఒకదాన్ని చూసి ఒకటి, దాదాపు అన్నీ లేచాయి. వాళ్ళమీద నాకు కోపం రాలేదు, ఆ వయసులో నేనూ ఎత్తేదాన్నే. బావ మొహం మాత్రం చూడలేకపోయాను. ఆయన చేతులు లెక్కపెట్టట్లేదు. ఒక్కో పిల్ల మొహం, ఒక్కో పిల్లాడి మొహం చూసుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"అక్కడ తప్పితే ఏం చేస్తారండీ?"

అందరం వాకిలివైపు తిరిగాం. మూగనోము. గోల విని లైబ్రరీ నుంచి వచ్చినట్టుంది.

"లోపలికి రామ్మా," అన్నాడు బావ. "నిన్ను దాక్కోమనడం నాదే పొరపాటు."

అధ్యక్షురాలు దాచకుండా చెప్పారు. "తప్పినవాళ్ళని అక్కడ ఉంచుకోరమ్మా. పేరు తీసేస్తారు."

"అవును," అంది పతకం మెల్లిగా. "నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకరోజు క్లాసుకి రాలేదు. తర్వాత మరి రాలేదు. ఎందుకు రాలేదని నేను ఎవర్నీ అడగలేదు. మర్నాడు పరీక్షుంది, చదువుకున్నాను."

చేతులు ఒక్కొక్కటే దిగడం మొదలుపెట్టాయి. అధ్యక్షురాలు ఫైలాయనతో ఏదో అన్నారు, ఆయన సరేనన్నట్టు తలూపాడు. "ఈ కాలేజీని దీని మానాన ఉండనివ్వమని రాస్తాం," అన్నారావిడ. "మీరిచ్చిన చరిత్రలో ఈ సంగతి మాత్రం లేదండీ ప్రిన్సిపాల్‌గారూ."

"సిగ్గుపడి రాయనివ్వలేదండీ," అన్నాడు బావ. కళ్ళు తుడుచుకుంటూ సుద్ద పొడి మొహమంతా పూసుకున్నాడు.

ఒక్క చెయ్యి ఇంకా దిగలేదు. క్లాసులో ఎప్పుడూ మొదటొచ్చే అమ్మాయిది. అందరూ తనవైపే చూస్తుంటే ఆ పిల్ల బిక్కమొహం వేసి "సారీ సార్. నాకు వెళ్ళాలనుంది" అంది.

"సారీ ఎందుకమ్మా? బాగా చదివేదానివి, తప్పకుండా వెళ్ళు," అన్నాడు బావ. "కాగితాలు నేనే సంతకం చేసిస్తాను. ఒక్కటే చెప్తాను. అక్కడ నీ పక్కన కూర్చునేవాళ్ళు ఎప్పుడైనా క్లాసుకి రాకపోతే, ఎందుకు రాలేదో వెళ్ళి కనుక్కో."