డాబా మీద ఎర్ర బూజు

మా డాబా ఒకటే, దాని మీద హక్కుదారులం ఇద్దరం. మా అత్త గున్నమ్మ అక్కడ ఉప్పుచేపలు ఎండబెడుతుంది. నేను భోగాపురంలో ఒక లాడ్జీ వాళ్ల దుప్పట్లు ఉతికి ఆరేస్తాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, మా ఒరలో చాలాకాలమే ఇమిడాయి. చివరికి లాడ్జీ మేనేజరే తగువు తెచ్చాడు. దుప్పటి కప్పుకుంటే చేపల తట్టలో పడుకున్నట్టుందని విమానాశ్రయం పని మీద వచ్చిన ఇంజనీరెవరో గది ఖాళీ చేసి పోయాడట.

అందుకని మా ఆయన ధనరాజు విశాఖ వెళ్లి, బట్టలు ఆరబెట్టే మిషను ఒకటి పాతది కొనుక్కొచ్చాడు. దాన్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించిందీ ఆయనే. మొదటిసారి తిప్పేసరికి గది నిండా ఆవిరి కమ్మి గోడలు తడిసిపోయాయి. ఆ వేడిగాలి బయటికి పోవాలంటే కప్పులోంచి గొట్టం పెట్టాలన్నారు. మేస్త్రీ అప్పలసూరి వచ్చి శ్లాబుకి కన్నం పెట్టి, గొట్టం పైకి లాగి, వాన పడకుండా దాని మూతి కిందికి వంచి, చుట్టూ సిమెంటు పూశాడు. నడినెత్తిన ఇంటికి చిల్లు పెడతారా అని అత్త ఆ రోజంతా సణుగుతూనే ఉంది.

ఆ తరవాత నా దుప్పట్లు బాగుపడ్డాయి. అత్త చేపలకి మాత్రం బూజు పట్టడం మొదలైంది.

మా అత్త చేపకి బూజంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. నెల్లిమర్ల సంతలో ఆవిడ చేపని ఒకరు వాసన చూసి కొన్నది లేదు, అంత నమ్మకం. అలాంటిది, పొద్దున పరిచిన కానాగంత చేపల మీద మధ్యాహ్నానికి తెల్లగా నూగు. కడిగి మళ్లీ ఉప్పు పట్టించింది, మళ్లీ నూగు. ఉప్పు మార్చింది, చాప మార్చింది. ఉప్పు చాలలేదేమో అన్నాను నేను. మంచు ఎక్కువగా ఉందన్నాడు ధనరాజు. కొత్త సిమెంటు చెమ్మ అన్నాడు అప్పలసూరి. తలా ఒక మాట చెప్పాం, ఒక్కటీ నిలవలేదు. ఎండ చూస్తే నెత్తి పగిలిపోయేలా ఉంది. ఆ ఎండలో బూజేమిటో నాకు ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు.

అత్త అమ్మోరికి కోడిని మొక్కుకుంది. మొక్కిన మర్నాడూ బూజే. తట్టెడు చేపలు ఇసకలో పాతేసి వచ్చి, పక్కింటి అసిరమ్మని పిలిచి, సంతలో తన చోటు ఇక నువ్వే తీసుకోమంది. నాకు కోపం ఆగలేదు. ఇన్నేళ్ల చోటు ఎందుకు వదులుకుంటావని గట్టిగానే అడిగాను.

"నా సెయ్యి సచ్చిపోనాదే గౌరీ. ఇంక నేను ఉప్పు ముట్టుకోకూడదు" అంది, అరచేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ.

ఆవిడతో రోజూ పోట్లాడే నాకు ఆ మాట వింటే ఏడుపొచ్చింది.

ఆ వారం లాడ్జీ నుంచి కొత్త తువ్వాళ్లు వచ్చాయి, ఎర్రవి. మిషనులో వేసి, కాసేపయ్యాక డాబా మీద మిగిలిన చేపలు తీసేద్దామని ఎక్కాను. చేపల మీద బూజు ఎర్రగా ఉంది. తెల్ల బూజు చూశాను, పచ్చది చూశాను. ఎర్ర బూజు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గోటితో తీసి వాసన చూస్తే సబ్బు వాసన. అంతలో నా మెడ మీద వేడిగాలి తగిలింది. తిరిగి చూస్తే, గొట్టం మూతిలోంచి ఎర్రటి నూగు తేలుతూ వచ్చి చాప మీద వాలుతోంది.

కిందికి దిగి ధనరాజుని నిలదీశాను. మిషను విప్పినప్పుడు లోపల జల్లెడ ఒకటుంటే, దాని నిండా మురికి పట్టి గాలికి అడ్డంగా ఉందని పీకి పారేశాడట. బట్టల నూగు పట్టేది ఆ జల్లెడే. చేపల వాసన దుప్పట్లకి అంటకూడదని ఇల్లంతా తవ్వి, దుప్పట్ల నూగు తీసుకెళ్లి చేపల మీద పోశామన్నమాట.

అత్త ఒక పట్టాన నమ్మలేదు. ఎర్ర నూగు ఆవిడ అరచేతిలో పెట్టి, పక్కన తువ్వాలు పెట్టాను. రెండూ మార్చి మార్చి వాసన చూసింది.

"అయితే నా సెయ్యి బాగానే ఉన్నాదేటే?"

"నీ సెయ్యికేటీ అవలేదత్తా."

మరో రెండుసార్లు అదే అడిగింది. తరవాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుపు ఆగాక లేచి, సంత చోటు సంగతి అసిరమ్మతో తనే మాట్లాడుకుంటానని వెళ్లింది.

ధనరాజు కొత్త జల్లెడ తెచ్చి బిగించాడు. అంతా సర్దుకుందనుకుంటే, అత్త కోడిని కొనుక్కొచ్చింది. ఇందులో అమ్మోరు చేసిందేముంది, తప్పంతా నీ కొడుకుదైతే అన్నాను.

"మరి ఆ ఎర్ర తువ్వాళ్లు ఎవులు పంపినారనుకున్నావే?"

లాడ్జీ మేనేజరని చెప్పబోయి, ఆవిడ మొహం చూసి, చేతిలోని కోడిని అందుకున్నాను. కోడి కూర నేనే వండాను.