తుంగవాగు హద్దు

మోకాలి లోతు నల్లనీళ్లలో నిలబడి గోప్యా మోరీలో ఇరుక్కున్న పాత పరుపును కొంకికట్టెతో లాగుతున్నాడు. సమ్మె మొదలై ఇరవై రోజులైంది. జనగామలో ఆఫీసులన్నిటికీ తాళాలే. పొద్దున పదిదాకా తోటి మునిసిపాలిటీ పనివాళ్లతో టెంటు కింద కూర్చుని జై తెలంగాణ అని అరిచి, గొంతు ఎండాక ఇటొచ్చాడు.

"సమ్మెల ఉండి పనేంది గోప్యా భాయ్? నిన్నెవడు అడిగిండు?" అన్నాడు మోరీ పక్కన పంక్చర్ దుకాణం నడిపే అక్తర్.

"సమ్మె నాది, వాగుది కాదు. గిది నిండితే మొదలు మునిగేది నీ దుకాణమే."

ముప్పై ఏళ్లుగా ఇదే పని. గాజుపెంకులు కోసీ కోసీ అరికాళ్లు తోలుముక్కల్లా మొద్దుబారాయి. కుడికాలి బొటనవేలికి గోరే లేదు. మోరీ దాటాక తుంగ మొలిచిన మడుగు ఉంది. నల్లగా అందులోకి దూరిన నీళ్లు అవతల తేటగా బయటికొస్తాయి. ఆ మడుగు ఒడ్డున ఒకే ఒక్క గుడిసె, అది గోప్యాది. భార్య సోమ్లీ పోయింది ఆ గుడిసెలోనే.

గట్టుమీద జీపు ఆగింది. ఎర్రరంగు పూసిన కట్టె గుంజలు పట్టుకుని ఒకమ్మాయి దిగింది. పేరు కరుణ, కాలేజీలో పాఠాలు చెబుతుందట.

"గోప్యా గారూ, పెద్ద వరదప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?"

పుట్టి బుద్ధెరిగాక తనను గారు అన్నవాళ్లు లేరు. అనుమానం అక్కడే మొదలైంది. ఆ మాట తీరు చూస్తే కోస్తా మనిషి. పైగా ఊరంతా బంద్ ఉన్నప్పుడు సర్వేనా?

"సమ్మెల గీ కొలతలేంది మేడం?"

"సమ్మె ముగియగానే వాగుకు రెండు పక్కలా సిమెంటు గోడలు కట్టే ప్లాను పాసైపోతుందండీ. వరద వచ్చినంత మేరా ఏమీ కట్టకూడదని మేం ప్రభుత్వానికి రాస్తున్నాం. తుంగ బతికితేనే వాగు బతుకుతుంది."

ఏమీ కట్టకుండా ఉండటానికి ఎవరైనా జీపులో వస్తారా?

"లోపటున్న ఇల్లో?"

ఆమె ఒక్క క్షణం తడబడింది. "వేరేచోట ఇస్తారండీ."

ఆ తడబాటు చాలు. గోప్యా చెయ్యి చాపి గుడిసెకు ఇవతలే, మడుగు నడుమనే చూపించాడు. "గంతే. గాడిదాకనే వచ్చినయ్."

ఆమె నమ్మింది. అక్కడే పన్నెండు గుంజలు నాటించి, రేపు టేపుతో కొలుస్తామని చెప్పి వెళ్లింది.

మధ్యాహ్నం గోప్యా రొట్టె తింటుంటే ప్లాట్లు అమ్మే ఉపేందర్ మోటార్‌సైకిల్ ఆపి మరీ భుజం తట్టాడు.

"మంచిగ చెప్పినవ్ గోప్యన్నా! మూడెకరాలు బయటవడ్డది. మొరం పోసి మడుగు పూడుస్తా. నీ గుడిసె జోలికి రాను, నా మాట."

బండి పోయాక గోప్యా రొట్టె పక్కన పెట్టేశాడు. ముప్పై ఏళ్లలో ఉపేందర్ ఏనాడూ తనకు నమస్తే పెట్టినవాడు కాదు. వాడే మెచ్చుకున్నాడంటే తను చేసిన పనేమిటి? ఇంతసేపూ ఆ పిల్లను అనుమానించాడు, ఇప్పుడు తన నోటినే అనుమానించాల్సి వచ్చింది.

లేచి వెళ్లి గుంజలు పీకాడు. అసలు వరద గీత తనకు తెలుసు. వరద తీశాక చచ్చిన నత్తల గుల్లలు మట్టిలో అక్కడిదాకే మిగిలాయి. వేళ్లతో తవ్వి గుల్ల తగిలినచోటల్లా ఒక గుంజ రాయితో దిగగొట్టాడు. ఏడో గుంజ తన గుడిసె వెనక పడింది. ఎనిమిదోది ఇంకా వెనక్కి. గుడిసె మొత్తం వాగు హద్దులోకి వెళ్లిపోయింది.

"ఏం చేస్తున్నవ్ భాయ్?" దుకాణం దగ్గరనుంచి అక్తర్ కేకేశాడు.

"పొద్దుగాల అబద్ధం చెప్పిన. సాఫ్ చేస్తున్న."

పొద్దు వాలేవేళకు తుంగలో కూర్చుని కనిపించాడు. అలిసిపోయాడనుకుని అక్తర్ దుకాణం మూసి వెళ్లిపోయాడు. తెల్లారి ఛాయ్ పట్టుకెళ్తే ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది. అతని తండా చుట్టాలు వచ్చి ఆటోలో తీసుకుపోయారు.

పదింటికి కరుణ టేపుతో వచ్చింది. ఉపేందర్ అప్పటికే గట్టుమీద ఎగిరిపడుతున్నాడు. "గుడిసెల ముసలోడు పోయేముందు గుంజలు పీకిండు మేడం! మల్ల ఎన్కటి జాగలనే నాటుండ్రి."

"పీకింది ఆయనే సార్, మట్టి తవ్వి మల్ల నాటింది గూడ ఆయనే," అన్నాడు అక్తర్. "దొంగగీత గీసెటోడు తన గుడిసెను లోపట ఏసుకుంటడా?"

కరుణ వంగి మొదటి గుంజ దగ్గర మట్టి తీసింది. తెల్లటి నత్తగుల్ల. రెండోదాని దగ్గరా గుల్లే. మూడోదాని దగ్గరా. అప్పుడు టేపు విప్పింది.

పన్నెండో గుంజ సగమే దిగి ఉంది. దాని పక్కన, తుంగ మొదట్లో, అరచేయంత రాయి. గుంజల ఎర్రరంగు అంటి ఒక పక్క ఇంకా మెరుస్తోంది.